గుండ్రటి ముద్ర

రొమేనియాలో ఒక యూనివర్సిటీ ఆఫీసు. చేతిలో ఫైలుతో ఒక కుర్ర లెక్చరరమ్మ, కిటికీ వెనక ముసలి గుమాస్తా.

“బాబాయ్, గంటలో సెనేట్ కూర్చుంటుంది. ఆరు దేశాల యూనివర్సిటీలు కలిసి చెప్పే వరదల కోర్సు ఇది. ఇవాళ ఆమోదించకపోతే ఏడాది ఆగిపోతుంది!”

“ఫిన్లాండు వాళ్ళ ఒప్పుదల కాగితం మీద గుండ్రటి ముద్ర లేదమ్మాయ్.”

“వాళ్ళ దగ్గర ముద్రే ఉండదట! కంప్యూటర్లో సంతకం పెడతారట.”

“ముద్ర లేదని మా నాన్న చావునే ఈ ఊరు మూడేళ్ళు ఒప్పుకోలేదు. పాపం, అన్నాళ్ళూ ఓటేస్తూనే ఉన్నాడు.”

“వేళాకోళం ఆపండి! నలభైమంది పిల్లలు పేర్లిచ్చేశారు.”

“సరే, రాసుకో. ‘ఫిన్లాండు వారికి ముద్ర లేదని ధ్రువీకరించడమైనది.’ దాని కింద మన ముద్ర వేస్తాను.”

“సెనేట్‌లో అది చదివి నవ్వరూ?”

“చదవరమ్మా. ముద్ర ఉందా లేదా అని చూస్తారంతే.”