మంత్రిగారిచ్చిన మిషిన్

ఏందే కొండమ్మా, నెత్తికి గంత నూనె రాస్కొని వచ్చినవ్? పూలు గూడ వెట్టుకున్నవ్! తియ్యి, తియ్యి. గీ అవతారంల నిన్ను జూస్తే ఎవరన్న కుట్టుమిషిన్ ఇస్తరా? నిన్నే చందా అడుగుతరు.

నవ్వకు చెల్లె. గదే చెప్తున్న. స్టేజీ మీద నవ్వితే కమలకుమారమ్మకు కోపమొస్తది. సంఘానికి కార్యదర్శి ఆమెనే కద. "ఫొటో చూడగానే జనానికి గుండె కరగాలి కిష్టవ్వా" అంటది. నువ్వేమో గుండ్రాయి లెక్క ఉన్నవ్.

గీ తెర ఎనుక కూసో. మంత్రిగారు రానీకి ఇంక మస్తు టైముంది. టైముకు వస్తే మంత్రెట్లయితడు?

గుంటూరు దిక్కుకెల్లి మీ ఆలుమొగలు ఇద్దరు కలిసి పనికొచ్చిన్రట గద. లక్డీకాపూల్ కాడ ఆఫీసు కడ్తుంటే నీ పెనిమిటి పైకెల్లి పడి పోయిండట. పాపం. మా ఆయన నాంపల్లి గూడ్స్ షెడ్డుల హమాలి. బియ్యం బస్తా మీద వడి నడుము ఇరిగింది. దవాఖానల పండవెట్టిన్రు, ఇగ లేవడన్నరు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. గప్పుడు నేను గీ సంఘం మెట్లెక్కిన. నీ లెక్కనే.

మా అమ్మ కాలంల నవాబుల దేవిడీ దర్వాజ కాడ నిలవడితే దోసెడు జొన్నలు పోస్తుండిరి. ఖైరాత్ అంటుండిరి దాన్ని. తిట్టి పోస్తుండిరి, గని పోస్తుండిరి. రెండు దిక్కులకు మన పట్నమే రాజధాని అయినంక దేవిడీలు పోయినయ్, సంఘాలొచ్చినయ్. గిప్పుడు సంక్షేమం అంటున్నరు. గా మాటకు నా నోరు తిరుగనీకే ఏడాది వట్టింది.

నా సభ గూడ గీ ఆబిడ్స్ హాల్లనే. మిషిన్‌కు బంతిపూల దండేసి, బొట్టు వెట్టి, పెండ్లిపిల్ల లెక్క తయారు జేసిన్రు. మంత్రిగారు నా చేతులకిచ్చి, "ఈ తల్లి ఇక ఎవరి ముందూ చెయ్యి చాపదు" అన్నరు. ఒకటే చప్పట్లు! నాకు ఏడ్పాగలే. ఉత్తుత్త ఏడ్పు గాదు, నిజం ఏడ్పు.

తెర ఎనుకకు రాంగనే కమలకుమారమ్మ, "అక్కడ పెట్టెయ్యమ్మా" అన్నది.

ఏం పెట్టాలె అన్న నేను.

"మిషనమ్మా! వచ్చే నెల చాదర్‌ఘాట్‌లో సభ ఉంది కదా!"

సంఘానికి ఉన్నది గా ఒక్కటే చేతి మిషిన్. సిటీ బస్సు లెక్క ఊరంత తిరుగుతది. నాకేమో సమోసాలు పొట్లం గట్టిచ్చి, మల్ల పిలుస్తమన్నరు.

పిలిచిన్రు గూడ! బాగ ఏడుస్తదని మంచి పేరొచ్చింది నాకు. చాదర్‌ఘాట్ల ఏడ్చిన, గౌలిగూడల ఏడ్చిన. ఇంటికి పోతే మా ఆయన మంచంల నుంచి "తెచ్చినవా?" అని అడుగుతుండె. సమోస చేతుల వెడ్తుంటి.

మల్ల ఓసారి గీ హాల్లనే, ఇంకో మంత్రి. "ఇంకేమైనా కావాలా తల్లీ?" అని మాటవరుసకు అడిగిన్రు, మైకు ముందట. నాకేం బుట్టిందో, "అయ్యా, గిది మస్తు బరువున్నది. ఇంటిదాంక మీ జీపు పంపుతరా?" అన్న.

కమలకుమారమ్మ మొఖం జూడాలె నువ్వు! మంత్రిగారు గంతమంది ముందట కాదంటరా? "తప్పకుండా!" అన్నరు. మల్ల చప్పట్లు.

సర్కారు జీపుల, డ్రైవర్ పక్కపొంటి, మిషిన్‌ను ఒళ్ళె వెట్టుకొని పోయిన చెల్లె. మా ఆయన మంచంల నుంచే చెయ్యి సాపి గా చక్రం ఓసారి తిప్పిండు. సప్పుడు ఇని నవ్విండు. నడుము వోయినంక నవ్వుడు గదే మొదలు.

తెల్లారి కమలకుమారమ్మ రానే వచ్చింది. "ఇది సంఘం ఆస్తి!" అన్నది. ఔ అమ్మా, తీస్కపోండ్రి, గని మంత్రిగారి డ్రైవర్ ఇల్లు జూసి పోయిండు, మల్లొచ్చి అడిగితే ఏం చెప్పాలె అన్న. మిషిన్ ముట్టకుంట, చాయ్ గూడ తాగకుంట పోయింది.

జర దినాలకు కబురంపింది, సంఘంల ఆయా నౌకరి ఇస్తం రమ్మని. నా మీద దయ అనుకున్నవా? నా నోరు బయటుంటే వాళ్ళకు ఫికర్. గందుకే లోపలికి దెచ్చుకున్నరు. పనేంది అంటవా? గీ తెర ఎనుక నిలవడుడు. స్టేజీ దిగినోళ్ళ చేతులకెల్లి మిషిన్ గుంజుకునుడు.

ఔ, నేనే. ఇయ్యాల నీ చేతులకెల్లి గూడ నేనే గుంజుకుంట. గట్ల జూడకు. ఇంట్ల మంచంల మనిషికి రెండు పూటల పెట్టాలె నేను.

ఏంది? నువ్వు గూడ జీపు అడుగుతవా? అడుగు! నేను జేసిన పనికి వాళ్ళకు తెలివొచ్చింది. ఇప్పుడిచ్చేది ఉత్త డొల్ల, లోపల సామానే లేదు. జీపుల గాదు, ఏనుగు మీద ఊరేగించి తీస్కపో, గుండీ గూడ కుట్టదు.

ఏడుస్తున్నవా? ఇప్పుడే అయిపోగొట్టకు. ఫొటో ఆయన రాలే ఇంక.

ఇగో, ఇటు జూడు. కుట్టుపని వస్తదంటివి గద? రేపటికెల్లి మా ఇంటికి రా. నేను గీడ ఉన్నంతసేపు నా మిషిన్ ఖాళీగనే ఉంటది. కుట్టుకో. మా ఆయన అడిగితే ఇన్ని మంచినీళ్ళియ్యి.

కిరాయా? ఇయ్యాలె మరి! నేనేమన్న సంఘమా, ఉత్తగ ఇచ్చెతందుకు?