స్టేషన్ సీనులో ఆవిడ అన్న మాట

రోమ్ నగరం, ఆదివారం మధ్యాహ్నం. పేరుమోసిన సినిమా నటి జెలిందా ఇల్లు. ఇరవై రెండు సినిమాల్లో ఆమెకు డబ్బింగ్ చెప్పిన ఓత్తావియా చర్చి నుంచి నేరుగా అక్కడికి వచ్చింది.

"కూర్చుంటాను గానీ, ముందు నా అనుమానం తీర్చండమ్మా. నలభై ఒక్క ఏళ్ళుగా మోస్తున్నాను. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌గారికి కూడా చెప్పుకున్నాను."

"అనుమానం పాపమెలా అవుతుంది ఓత్తావియా?"

"పూజ జరుగుతుంటే అదే ఆలోచిస్తూ కూర్చుంటే అవుతుందట. స్టేషన్ సీనులో మీరేమన్నారు?"

"ఏ స్టేషను?"

"ఏ స్టేషనంటారేమిటి? రైలు కదలబోతుంటుంది, మీరు ప్లాట్‌ఫారం మీద..."

"ఓ, అదా. అంకెలు లెక్కపెట్టుంటాను. డైలాగు రాకపోతే ఒకటీ రెండూ చెప్పేయమనేవాడుగా డైరెక్టరు. ఎలాగూ గొంతు నీదే. ముద్దు సీనులో డెబ్భై మూడు దాకా వెళ్ళాను."

"మీ అంకెలు నాకు తెలీవా? వాటి మీదే కదా ప్రేమలూ పగలూ అన్నీ అతికించాను. అవి అంకెలు కావు."

"అయితే జపమాల అయ్యుంటుంది. భయమేస్తే మరియమ్మ జపం చెప్పేదాన్ని."

"అదీ తెలుసు. హంతకురాలి వేషంలో మీరు జపం చెప్పారు. దాని మీద నేను ‘నిన్ను ముక్కలు చేస్తాను’ అని చెప్పి, ఇంటికెళ్ళి మోకాళ్ళ మీద పడి క్షమాపణ అడిగాను. స్టేషన్లో అన్నది అది కూడా కాదు."

"ఉండు, పులుసు అడుగంటుతుందేమో చూసొస్తా."

"మాట తప్పించకండి. ఇంతకీ బల్ల మీద రెండు పళ్ళేలున్నాయి, ఎవరొస్తున్నారు? నేను వెళ్ళాలి, అల్లుడు అన్నానికి వస్తాడు."

"వచ్చేవాళ్ళు వస్తారులే. ముందు నా గొడవ విను. సాయంత్రం ఆరింటికి మునిసిపల్ థియేటర్లో నాకు సన్మానం. నాలుగు మాటలు మాట్లాడాలట."

"మాట్లాడండి."

"ఈ గొంతుతోనా? మొదటి సినిమాకి గొంతు పరీక్ష పెట్టినప్పుడు ఒక్క వాక్యం చెప్పాను. స్టూడియో అంతా పడీపడీ నవ్వింది. సంతలో చేపలమ్మే గొంతన్నాడు నిర్మాత. నిజమే, మా అమ్మ అమ్మేది చేపలే. ఆ రోజు నుంచీ జనం ముందు నోరు తెరవలేదు. పత్రికల వాళ్ళేమో గంభీరమైన మనిషి, అంతు చిక్కని మౌనం అని రాశారు."

"నేనూ అలాగే అనుకున్నాను. మనం ఎదురుపడిందే రెండుసార్లు. రెండుసార్లూ అంత్యక్రియల్లోనే."

"అందుకే పిలిచాను. నువ్వు తెర వెనక నిలబడి మాట్లాడు. నేను ముందు నిలబడి పెదాలు ఆడిస్తా."

"మీకేమైనా పిచ్చా?"

"ఇరవై రెండుసార్లు చేశాం, ఇరవై మూడోసారి చెయ్యలేమా?"

"నాకు మోకాళ్ళ నొప్పులు."

"కుర్చీ వేయిస్తా."

"ఆ తెర దులిపి ఎన్నేళ్ళయిందో. దుమ్ముకి తుమ్ములొస్తాయి నాకు."

"నువ్వు తుమ్మితే నేనూ చెయ్యి అడ్డం పెట్టుకుంటా."

"మేయరుగారు మధ్యలో ఏదైనా అడిగితే?"

"ఏడుస్తా."

"ఎవరి గొంతుతో? మీ సినిమాల్లో ఏడుపు కూడా నాదే."

"అవును, అది మరిచిపోయా. అయితే నువ్వు ఏడువు."

"నన్ను నవ్వించకండి, పక్కలు నొప్పెడుతున్నాయి. సరే, చేస్తాను. కానీ ఒక షరతు. స్టేషన్లో ఏమన్నారో చెప్పాలి."

"ఇంకేదైనా అడుగు."

"అదే అడుగుతాను. ఆ ఇరవై సెకన్ల ముక్క డబ్బింగ్ చెప్పే చీకటి గదిలో నలభై మూడుసార్లు తిప్పించి చూశాను. కాగితం మీద మీకున్నది ‘వెళ్ళు’ అనే ఒక్క ముక్క. మీ పెదాలేమో ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి. చివరికి నేనే కల్పించి చెప్పాను. ‘వెళ్ళు. రైలు కదిలేదాకా నా వైపు చూడకు. చూశావంటే దిగిపోతావు.’"

"దాన్ని గ్రీటింగు కార్డుల మీద వేశారు, తెలుసా? కింద నా పేరు."

"తెలుసు. నా పెళ్ళిరోజుకి మా ఆయన అదే కొనుక్కొచ్చాడు. పేరు పోతే పోనీండి. ఏమన్నారు?"

"మా ఊరి యాసలో అన్నాలే. అందుకే నీకు అందలేదు."

"ఏమన్నారు?"

"నవ్వుతావు."

"వచ్చినప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నాగా."

"సరే. అప్పుడన్నట్టే అంటా, విను. ‘ఒసే అక్కా, నా గొంతు మోస్తున్న అక్కా, నువ్వెవరో నాకు తెలీదు. ఈ రైలు కిరాయిది. ఇందులో ఎక్కినవాడు నాకేమీ కాడు, పైగా వాడి నోరు ఉల్లిపాయ కంపు. మా అమ్మ ఊరి నుంచి మలుగు చేపలు పంపింది. ఈ ఊళ్ళో నాకెవరూ లేరు, ఒక్కదాన్నే కూర్చుని తినలేను. ఆదివారం ఒంటిగంటకి మా ఇంటికి రా. పావురాల వీధి, పద్నాలుగో నంబరు, మూడో అంతస్తు.’ అంతే."

"మూడో అంతస్తా?"

"నవ్వవేమిటి?"

"పావురాల వీధి, పద్నాలుగో నంబరు అంటే..."

"ఈ ఇల్లే."

"కబురు పంపొచ్చు కదమ్మా."

"ఎవరితో పంపను? గొంతు వేరే మనిషిదని బయటపడితే సినిమా పోతుందని నిర్మాత మనల్ని దూరంగా ఉంచేవాడు. ఆలోచించాను. ఈ దేశంలో నా పెదాల వైపు శ్రద్ధగా చూసేది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళు వేరే చోట్ల చూసేవాళ్ళు."

"అయ్యో దేవుడా. నాకోసం ఎదురు చూశారా?"

"ఏ ఆదివారమో చెప్పలేదుగా. అందుకని నాలుగు ఆదివారాలు రెండేసి పళ్ళేలు పెట్టాను. ఈలోగా సినిమా విడుదలైంది, వెళ్ళి చూశాను. తెర మీద నా పెదాలు అన్నానికి రమ్మంటున్నాయి, నీ గొంతు ‘వెళ్ళు, నా వైపు చూడకు’ అంటోంది. హాలంతా ఏడుపు. నేనూ ఏడ్చాను. అదే నీ జవాబనుకున్నాను."

"కాదమ్మా, మీ మాట నాకు చేరితే కదా. మరియమ్మ సాక్షిగా... కాదు జెలిందా. నేనన్నది నీతో కాదు."

"ఇప్పుడు తెలిసిందిలే. నన్ను ‘నువ్వు’ అన్నావు, చూశావా?"

"అంటాను. అక్కా అని పిలిచావుగా. విను జెలిందా, సాయంత్రం నేను తెర వెనక్కి వెళ్ళను."

"మాటిచ్చావు."

"ఇచ్చాను, తప్పుతున్నాను. వచ్చే వారం ఫాదర్‌గారికి చెప్పుకుంటాలే. ఇప్పుడు అక్కా అన్నావు చూడు, ఆ గొంతుతోనే మాట్లాడు. దాని మీద ఏ మాట అతికించినా దండగ. నేను నలభై మూడుసార్లు ప్రయత్నించి మరీ చెబుతున్నాను."

"నవ్వుతారే."

"నవ్వితే నవ్వనీ. నేను మొదటి వరసలో కూర్చుంటా. భయమేస్తే నా వైపు చూడు. నేను పెదాలు ఆడిస్తా, గొంతు నువ్వియ్యి. ఇరవై రెండుసార్లు నేనిచ్చాను, ఒక్కసారి నువ్విస్తే ఏం పోయింది?"

"నువ్వేమంటూ ఉంటావు?"

"అంకెలు."

"నీ మొహం. ఎంత దాకా?"

"నీ మాటలయ్యేదాకా. సరేనా?"

"సరే. గొంతు బొంగురుపోతే మాత్రం తప్పు నీదే."

"నాదే. ముందు ఆ పులుసు దించు, వాసన ఇక్కడిదాకా వచ్చింది. మలుగు చేపేగా?"

"మలుగే. వెనిగర్ పోసి మా అమ్మ చేసినట్టే చేశాను. మొక్కజొన్న సంకటి కూడా ఉంది. మరి నీ అల్లుడో?"

"వాడికి నా కూతురు పెడుతుంది. టైమెంతయింది?"

"ఒంటిగంట."

"ఆదివారం, ఒంటిగంట, పద్నాలుగో నంబరు. ఏమనుకోకు చెల్లీ, రైలు కొంచెం ఆలస్యమైంది. వడ్డించు."