ఊకొట్టే బావి

జీడితోట అవతల, రెండు చింతచెట్ల మధ్య పాత మోటబావి ఒకటుంది. మీకందరికీ తెలుసు, తెలీనట్టు మొహాలు పెట్టకండి. మేక తప్పిపోయినా మీ నాన్నలు అటు వెతకరు, ఎడ్లు కూడా అక్కడికొచ్చేసరికి మెడ పక్కకి తిప్పుకుంటాయి. అందులో పడి చచ్చిందెవరని అడిగితే ఊళ్ళో తలా ఒక పేరు చెబుతారు. నాకు తెలీదు. తెలీనిది తెలిసినట్టు చెప్పడం మీ పెదనాన్న పని, నా పని కాదు. నాకు తెలిసిందల్లా నూకరత్నం సంగతి. దగ్గరికి జరగండి, ఊకొట్టండి, కానీ కొట్టేవాళ్ళ నోరు నాకు కనపడేలా కొట్టండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

నూకరత్నం అప్పుడు ఆరో తరగతి. దెయ్యాల పుస్తకాలంటే పడిచచ్చేది. వేసవి సెలవుల ముందు సుగుణ టీచరు బడి బీరువా తెరిచి తలా ఒక పుస్తకం తీసుకోండర్రా అంటే, మిగతావాళ్ళు రంగుల బొమ్మలున్నవి ఏరుకున్నారు, ఈ పిల్ల మాత్రం అడుగు అరలోకి చెయ్యి దూర్చి, అట్ట ఊడిన దెయ్యాల పుస్తకమే లాగింది. ఏడు తలుపుల బంగళా, అందులో చిక్కుకుపోయిన ఒక పిల్ల, అదీ కథ. రత్నం భయపడ్డానికే చదివేది. వీపు గోడకి ఆనించి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, వణుక్కుంటూ, నవ్వుకుంటూ ఇంకో పేజీ తిప్పేది. భయపడుతూ నవ్వడమేంటంటారా? పచ్చి చింతకాయ కొరికి కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ కొరకరూ మీరు? అదే ఇదీను.

వాళ్ళ నాయనమ్మ పైడమ్మ ఉంది చూశారూ, సాయంత్రమైతే వీధంతటినీ అరుగు మీద కూర్చోబెట్టి దెయ్యాల కథలు చెప్పే మనిషి, మనవరాలి చేతిలో ఆ పుస్తకం కనపడగానే చీపురు తీసింది. నోటితో చెప్పిన దెయ్యమైతే ఆఖర్న కథని కంచికి పంపగానే దాని దారిన అది పోతుందట, అచ్చులో ఉన్న దెయ్యం ఇంట్లోనే తిష్ఠ వేస్తుందట. ఇదెక్కడి న్యాయమే నాయనమ్మా అంటే, చీపురుని అడుగు, అది చెబుతుంది అందట.

ఇక రత్నం ఏం చేసింది? ఎవరూ రాని చోటు ఏదని ఆలోచించింది. ఎవరూ రారు కాబట్టి తిట్టేవాళ్ళూ ఉండరని, రోజూ మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, ఏడేళ్ళ చెల్లెలు గౌరిని వెంటబెట్టుకుని ఆ బావి దగ్గరికే పోయింది. తను గట్టు మీద కూర్చుని పైకి చదివేది, గౌరి చింతనీడలో కూర్చుని ఊకొట్టేది. ఊకొట్టకపోతే రత్నానికి చదవబుద్ధయ్యేది కాదు. ఎవరికవుతుంది చెప్పండి?

నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదోరోజు కథ ఆరో తలుపు దాటింది, రత్నం పేజీ మీంచి కళ్ళెత్తడం లేదు, వాక్యం వాక్యానికీ ఊ, ఊ అని వస్తూనే ఉంది. పిల్ల ఏడో తలుపు మీద చెయ్యి వేసింది, లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, అని చదివి, గౌరికి ఎంత భయమేసిందో చూద్దామని తల తిప్పితే, గౌరి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బుగ్గ మీద చీమ పాకుతోంది. ఎంతసేపటినుంచి పడుకుందో!

మరి ఊకొట్టిందెవరు?

బావిలోంచి, మెల్లగా, అచ్చం మనిషి అడిగినట్టే, తర్వాత? అని వినపడింది.

రత్నం పుస్తకం చంకలో ఇరికించుకుని, చెల్లెల్ని రెక్క పట్టి లేపి, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తింది. కథని కంచికి పంపాలన్న సంగతే మర్చిపోయింది. చూశారా, అక్కడ తప్పింది దారి.

ఆ సాయంత్రం అన్నం తింటావా అంటే గౌరి ఊ అంది. కడుపు నొప్పా అంటే ఊ అంది. నీ పేరేంటే అన్నా ఊ. తెల్లారినా అంతే. పిల్ల నవ్వదు, ఏడవదు, ఎటో చూస్తూ, ఎవరేమన్నా ఊ. ఎవరూ ఏమీ అనకపోయినా ఊ. రత్నం ఆగలేక జరిగిందంతా నాయనమ్మకి చెప్పేసింది.

పైడమ్మ ఈసారి చీపురు తియ్యలేదు. కథ మధ్యలో వదిలేసి వచ్చావు, విన్నవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు, వాళ్ళతో పాటు గౌరి మనసూ కూర్చుంది, పోయి ముగించిరా, మొదలుపెట్టినవాళ్ళే ముగించాలి అంది. రత్నం పుస్తకం తెరిచింది. ఏడో తలుపు తర్వాత పేజీల్లేవు. చెదలు తినేశాయి. ముందే ఆఖరి పేజీ చూసుకోవద్దూ?

గౌరిని నాయనమ్మ ఒళ్ళో వదిలి, మర్నాడు మిట్టమధ్యాహ్నం ఒక్కతే వెళ్ళింది. గట్టుకి నాలుగడుగుల దూరంలోనే నిలబడి, కథ కంచికీ మనమింటికీ అని గబగబా అనేసింది. బావి ఒప్పుకోలేదు. అప్పుడేనా, తలుపు తీసిందా లేదా అంది. తీసింది, లోపల ఎవరూ లేరంది రత్నం. నాకేం భయమెయ్యలేదు అంది బావి. మాట ఎంత నిష్ఠూరంగా ఉందంటే, రత్నానికి భయం పోయి కోపమొచ్చింది. చప్పటి ముగింపు చదివితే తనకీ అలాగే ఒళ్ళు మండేది మరి.

అప్పుడు గట్టు మీదికెక్కి కూర్చుని మొదలుపెట్టింది. ఏడో తలుపు వెనక ఒకటి కూర్చుని ఉంది. దానికి కథలంటే ఇష్టం. ఊ. బంగళాలో పిల్ల ఆ తలుపు తియ్యలేదు, బయటినుంచి గడియ పెట్టి వెళ్ళిపోయింది. ఊ. తర్వాత ఇంకెవరూ రాలేదు. వానలొచ్చాయి, ఎండలొచ్చాయి. కథ చెప్పేవాళ్ళు ఒక్కొక్కళ్ళే ముసలాళ్ళైపోయారు, వినే పిల్లలు వేరే ఆటల్లో పడ్డారు. ఊ. అది లోపలినుంచి తర్వాత, తర్వాత అని అడుగుతూనే ఉంది. చెప్పడానికి ఎవరూ లేరు. ఎప్పటికీ లేరు.

ఊ రాలేదు. చాలాసేపటికి, చిన్నపిల్ల గొంతుతో, అంత భయంగా చెప్పకే అని వినపడింది.  రత్నానికి జాలేసింది. అయినా కథని కంచికి పంపి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేసింది.

గౌరి అరుగు మీద కూర్చుని మామిడిటెంక చీకుతోంది. పొద్దున్నించీ ఇల్లు కదలని పిల్ల. అక్కని చూడగానే, ఆ చివర ఎంత బాగుందే, గడియ పెట్టేసినప్పుడు నాకు లోపలంతా చీకటైపోయింది, ఒళ్ళంతా చెమటలు, అంది.

పైడమ్మ రత్నాన్ని చూసింది, రత్నం పైడమ్మని చూసింది.  ఆ రాత్రినుంచి ఆ ఇంట్లో దెయ్యాల పుస్తకాలైనా సరే, ఎక్కడికీ పోయి దాక్కోకుండా దీపం కిందే చదువుకోమన్నారు.

అదర్రా సంగతి. అటు పోకండి. పోతామని మొండికేస్తే నేనేం చీపురు తియ్యను, నాకు నడుం నొప్పి. కాకపోతే చంకలో పుస్తకం ఉంటే, పోయేముందు ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకోండి.