బబ్లూకొక కొవ్వొత్తి

ఆర్యపల్లిలో ఈస్టరు ఆదివారం, ఇంకా తెల్లవారలేదు. కాసమ్మ కొవ్వొత్తుల పొట్లం పట్టుకుని కోడలి గది గుమ్మంలో నిలబడి ఉంది. వీరన్న పంచలో గుర్రుపెడుతున్నాడు. భార్య చర్చి మాట ఎత్తితే చాలు, ఆయనకు ఎక్కడలేని నిద్ర ముంచుకొస్తుంది.

"మళ్ళీ ముసుగెట్టినావేటే గాయత్రీ? లెగు. అందరూ సమాదుల కాడికి ఎల్లిపోతన్నారు."

"నాను రానత్తా."

"రానంతే ఎలగ? ఈయేళ ఈస్టరు. ఎలుగు రాకముందే అక్కడుండాల. పాట మొదలైపోయినా పర్వానేదు, దీపాలు పెట్టీలోగా ఎల్లిపోదాం."

"ఎవలి సమాది మీద పెడతావు దీపం? మనోలెవలూ అక్కడ నేరు కదా."

"గోడకాడ పెడతాను."

"ఎవలికి?"

"ఎవలికో ఒకలికి. నువ్వు లెగు ముందు. నిన్న బరంపురం ఎల్లినావు, పొద్దుపోయొచ్చినావు, కూడు ముట్టనేదు. ఏటి కొన్నావు?"

"ఏటీ నేదు."

"ఏటీ కొనకుండా అంత దూరం ఎందుకెల్లినావు?"

"అత్తా, మాఁవ ఎండుగెడ్డి తెచ్చినాడు. సూసినావా?"

"సూసినాను."

"బొమ్మ కట్టి కాల్సేస్తాడంట. శవం దొరక్కపోతే మనోల్లు అలగే సేస్తారు కదా. కులపెద్దలకి సెప్పీసినాడు కూడా."

"కాల్సనివ్వను. నా కొడుకు బబ్లూ బాప్తీసం తీసుకున్నోడు. గెడ్డిబొమ్మైనా సరే, ఆడి పేరెట్టి నిప్పు పెడితే ఒప్పుకోను."

"మరి నన్నేటి సెయ్యమంతావు? బోటు తిరగబడి రెన్నెల్లు దాటింది. మొగుడు ఉన్నాడనుకోనా, పోయాడనుకోనా?"

"లెగుస్తాడు."

"వస్తాడా, లెగుస్తాడా?"

"ఏదైతే ఏటే!"

"రెండూ ఒకటి కాదత్తా. మొదట్ల వస్తాడు వస్తాడు అనేదానివి. పోలీసోల్లు పిలిస్తే బరంపురంలో ఆ శవాన్ని సూసొచ్చిన కాడ్నించి లెగుస్తాడు అంతన్నావు. సచ్చినోడే కదా లెగీది?"

"నీకీమధ్య మాటలెక్కువైనాయి. సీర కట్టుకో."

"ఆ రోజు నన్ను లోపలికి రానివ్వనేదు నువ్వు. మాఁవ గుమ్మంలోనే మొకం తిప్పీసుకున్నాడు. సూసింది నువ్వొక్కదానివే."

"సూసినాను. కాదన్నాను. అయిపోయింది కదా. ఆడెవడో."

"ఇది సూడు."

"...ఎక్కడిదే ఈ తాళంచెవి?"

"ఆ ఎవడో మొలతాడుకి ఉందంట. ఠాణాలో కవర్లో దాసినారు, నాను ఏడిస్తే ఇచ్చినారు. తెచ్చి నా పెట్టెకి పెట్టి తిప్పినాను. తెరుసుకుంది. నా పెట్టె తాళంచెవి మొలకి కట్టుకుని ఏటకెల్లినోల్లు ఎంతమందున్నారత్తా ఈ ఊర్లో?"

"మెల్లిగా. మీ మాఁవ లెగుస్తాడు."

"లెగనీ!"

"నీ కాళ్ళట్టుకుంతాను గాయత్రీ. మెల్లిగా."

"నీ కొడుకేనా?"

"ఆడే. మొకం... నేదులే, ఆ మాటెందుకు. కన్నదాన్ని, కాళ్ళు సూస్తే సాలదా నాకు? ఆడే."

"మరి కాదని ఎలగన్నావు? నోరెలగొచ్చింది నీకు?"

"ఔనంతే మీ మాఁవ తెచ్చి కాల్సీడా? ముందురోజే కట్టెలకి మాటాడీసినాడు. పాతుదాం అని నానంతే, నా కొడుకు నా ఇష్టం అన్నాడు. కులపెద్దలంతా ఆయనేపే. కాలిపోతే బూడిద. ఆ బూడిద తీసుకెల్లి సముద్రంలో కలిపేస్తారు. ఇంక లెగడానికి ఏటి మిగుల్తాది?"

"అందుకని..."

"సమాదుల్లో ఉన్నోల్లు లెగుస్తారని పాస్టరుగోరు ఏటేటా సెప్తారు. సమాదుల్లో అనే సెప్తారు. కాలినోల్ల సంగతి ఒక్కపాలీ ఎత్తనేదు."

"ఆయన్నే అడగొచ్చు కదా?"

"అడిగితే ఈదంతా తెలిసిపోదా? నాను కాదంతే పోలీసోల్లే పాతేస్తారనుకున్నాను. అప్పుడెప్పుడో మన ఒడ్డుకి కొట్టుకొచ్చిన దిక్కులేనోడ్ని సరుగుడు తోట కాడ గొయ్యి తీసి పాతినారు, నా కళ్ళతో సూసినాను. దిక్కున్నోడికి కట్టెలు, దిక్కులేనోడికి మట్టి. అందుకే నా కొడుకుని దిక్కులేనోడ్ని సేసినాను."

"నా సేత ఇన్నాళ్ళూ ఎదురుసూపించినావు! తలుపు సప్పుడైతే సాలు, పరిగెత్తీదాన్ని."

"తెల్సు. పక్కన పడుకుని ఇనేదాన్ని. తిట్టు. కొట్టినా పడతాను. పండగెల్లినాక నీకు సెప్పీద్దామనుకున్నాను, ఒట్టు. నీకు ఒడియా సదవడమొచ్చు, నువ్వైతే ఎల్లి కనుక్కుంతావని. నిన్న అడిగే ఉంతావు. ఎక్కడ పాతినారంట?"

"అత్తా..."

"ఎంత దూరమైనా పర్వానేదు. మీ మాఁవకి తెలీకుండా సిన్న సిలువొకటి పాతుదాం. వచ్చే ఈస్టరుకి గోడకాడ కాదు, ఆడి కాడే..."

"పాతనేదు."

"ఏటి?"

"అది మన ఒడ్డు కాదత్తా, బరంపురం. ఎవలూ మావోడు అని రాకపోతే కొన్నాళ్ళుంచి కరెంటు పొయ్యిలో పెట్టేస్తారంట. పెట్టీసినారు. బూడిద కూడా ఉంచనేదు."

"నేదు. పాతే ఉంతారు. నీకు సరిగ్గా సెప్పనేదు ఆల్లు."

"మళ్ళీ మళ్ళీ అడిగినాను."

"ఇంకెవల్నో అనుకుని సెప్పుంతారు."

"తాళంచెవి ఇచ్చినోడే సెప్పినాడత్తా. కూకో. కూకో ముందు. కొవ్వొత్తులు ఇలగియ్యి, ఇరిగిపోతన్నాయి. ఇను నా మాట. బూడిదైతే మాత్రమేటి? మట్టితో మనిసిని సేసినోడికి బూడిదొక లెక్కా? నాకు నమ్మకం ఉందో నేదో నాకే తెల్దు. నువ్వు నమ్ము. లేపుతాడత్తా."

"ఒద్దే."

"ఏటి ఒద్దు?"

"ఆడ్ని లేపొద్దని సెప్పు. లెగిసి, అమ్మా నన్నెవడో అన్నావేటే అని అడిగితే నా మొకం ఎక్కడ పెట్టుకోను?"