ఉతుకుడు రాయి

"ఆ కళ్లద్దాల సర్వేయరు మన కొంప ముంచాడే అక్కా!"

పెరట్లో బట్టలు ఉతుకుతున్న అక్క చుట్టూ తమ్ముడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఒకచోట నిలబడి ఏడవరా. ఏమన్నాడు?"

"విమానాశ్రయం కింద పోయే మన చేనుకు బదులు చేను ఇవ్వడట. తెల్లదొరలు పాతిన హద్దురాయి చూపిస్తేనే ఆ చేను మనదని ఒప్పుకుంటాడట."

"దొరలు పోయి డెబ్బై ఏళ్లయిందిగా! ఇంకా వాళ్ల రాయేమిటి?"

"అదే అడిగాను. దేశం కొత్తదేగానీ పటం పాతదే అన్నాడు. స్వతంత్రం వచ్చిన రోజే తాత ఆ రాయి పీకి పారేశాడాయె! అందుకే ఆయన్ని భుజాలమీద ఊరేగించారట."

అక్క చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"పారేయలేదురా. బంగారంలాంటి రాయి అని నాయనమ్మ ఇంటికి మోయించింది."

"ఎక్కడుంది?"

"ఇదిగో, దీనిమీదేగా ఉతుకుతున్నా!"

తమ్ముడు మోకాళ్లమీద పడి నురగ తుడిచాడు.

"రాయి పక్కవైపు దొరల కిరీటం గుర్తు చెక్కుచెదరలేదే! మన చేను నంబరేదీ?"

"నంబరు పైనుండేదిరా. మూడు తరాలుగా ఉతుకుతున్నాం, అరగదూ?"

"అరిగిందే అక్కా. మూడెకరాల నలభై సెంట్లు అరిగింది."