పిలవకుండానే పడుకున్న జాంగ్రీ

కిషన్‌బాగ్‌లోని రెండు గదుల ఇల్లు. అన్నాలు తినడం అయ్యాక భర్త టీవీ ముందు కూర్చున్నాడు. భార్య మూలనున్న కుక్కపిల్ల దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"ఏమయ్యా, జాంగ్రీ ఇయ్యాల తనంతల తనే పండుకున్నది."

"మంచిదే గదా. రోజూ దాన్ని పండబెట్టనీకి గంట లొల్లి. చెప్పు ఎత్కపోతది, మంచం కిందికి ఉరుకుతది."

"గందుకే భయమైతున్నది. బంతి చూపిచ్చినా కండ్లు తెరుస్తలేదు. నోట్లకెళ్లి నురుగ వస్తున్నది."

అతను టీవీ ఆపేశాడు.

"అది బియ్యం డబ్బా ఎనకకు గిట్ల పోయిందా?"

"ఆడ ఏమున్నది?"

"ఎలుకల మందు. పొద్దుగాల టమాట ముక్కలల్ల పెట్టిన."

"ఇంట్ల కుక్కపిల్లను పెట్టుకొని ఎలుకల మందు పెడ్తవా?"

"తర్వాత తిట్టు. నువ్వు దాన్ని తువ్వాలల చుట్టు, నేను ఆటో తెస్త."

బహదూర్‌పురాలో పశువుల డాక్టరు దాని కడుపు కడిగి, సూది వేసి, సెలైన్ పెట్టాడు. సమయానికి తెచ్చారు, బతుకుతుందన్నాడు. ఇద్దరూ బయట బల్లమీద కూర్చున్నారు.

"నాకొక్క మాట చెప్పి పెడితే ఏమైతుండె?"

"చెప్తే నువ్వు వద్దంటవని చెప్పలే. ఎలుకలే తింటయనుకున్న. ఇగ ఫికర్ చెయ్యకు, బతికింది గదా."

"బతికింది. గని నేను వద్దంటనని నాకు చెప్పకుండ ఇంకేమేం చేసినవ్?"

అతను సెలైన్ అయిపోయిందేమో చూసొస్తానని లేచి లోపలికి వెళ్లాడు.