డాబా మీద దుప్పట్లు

జరుగు, కాస్త జరుగయ్యా! బల్లంతా నీదేనా? కాళ్ళు పీకేస్తున్నాయి. వరుసలో నిలబెట్టి, సంచీ బోర్లించి, చెప్పులు విప్పించి, అరికాళ్ళు కూడా చూశారివాళ. కన్నకొడుకుని చూడ్డానికి వెళ్తే, దొంగతనం నేనే చేసినట్టు!

ఏంటి, చూశానా అనా? చూశాను. ఉన్నాడు నీ కొడుకు. ఒళ్ళు బాగానే ఉంది. చాలా?

అలా మొహం తిప్పుకోకు. బస్సు వచ్చేదాకా విను. లోపల గంటసేపు గోడతో మాట్లాడినట్టు మాట్లాడి వచ్చాను, ఇక్కడ కూడా నావల్ల కాదు.

దీన్ని పిల్లల జైలు అనకూడదట, 'హోం' అనాలట. సరే, అలాగే అందాం. ఏ పేరు పెడితేనేం, గోడ ఎత్తేమైనా తగ్గిందా?

వారానికి గంట ఇస్తారు కదా. వీడేమో ఇన్నాళ్ళూ సగం కాగానే లేచేవాడు. "దుప్పట్లు ఆరేసే పనుందమ్మా" అని ఒకటే పరుగు. పక్క బల్లల దగ్గర తల్లులు పిల్లల చెయ్యి వదలకుండా కూర్చుంటే, నేను ఖాళీ కుర్చీ మొహం చూస్తూ కూర్చునేదాన్ని. కడుపు మండదా మరి?

అందుకే పోయినవారం వార్డెన్ దగ్గరికి వెళ్ళి అడిగేశాను. "అయ్యా, బిడ్డని చూసుకునేదే వారానికోసారి, ఆ టైములోనే వాడిచేత దుప్పట్లు ఆరేయించాలా?" అని. ఆయనా మంచోడే పాపం, అప్పటికప్పుడు వాణ్ణి వంటగదికి మార్చేశాడు. బస్సులో నీకు ఎంత గొప్పగా చెప్పుకున్నాను! నువ్వు "ఊఁ" అన్నావు. నీకు అంతకన్నా ఏం వచ్చు?

ఇవాళ గంటంతా కూర్చున్నాడు. బెల్లం కొట్టిన రాయిలా. తిన్నావారా అంటే ఉలకడు. నిద్ర పడుతోందా అంటే పలకడు. తండ్రీకొడుకులు ఒక్క తాను ముక్కలే! చివరికి నాకూ ఒళ్ళు మండి, "ఏరా, నేను రావడం కూడా బరువైపోయిందా నీకు?" అనేశాను.

అప్పుడన్నాడు. "నా డాబా పని ఎందుకు తీయించేశావమ్మా?" అని. మీసాలొస్తున్నాయి వాడికి, తెలుసా నీకు? ఆ మీసాలతో ఏడుస్తుంటే చూడలేకపోయానయ్యా.

ఆ పని వాడే అడిగి తీసుకున్నాడట. ఇంకో పిల్లాడి గిన్నెల వంతు కూడా తనే తోమిపెట్టేవాడట, మనం వచ్చిన రోజు దుప్పట్ల వంతు తనకి వదిలేస్తే చాలని. ఎందుకో తెలుసా? అదిగో, ఆ డాబా. అక్కణ్ణించి ఈ బస్టాపు కనిపిస్తుంది. ఈ బల్ల కనిపిస్తుంది.

ఇప్పుడెందుకు చూస్తావు? ఇప్పుడెవరున్నారక్కడ?

నేనేమో ప్రతివారం "నాన్నకి సెలవు దొరకలేదురా" అని అబద్ధం. వాడేమో బుద్ధిగా తలూపడం. తలూపి, పైకెళ్ళి, తడి దుప్పటి చాటున నిలబడి నిన్ను చూసుకోవడం. నువ్వు నోరు తెరుచుకుని కునుకు తీస్తావని కూడా చెప్పాడు. "నాన్న చిక్కిపోయాడమ్మా, చొక్కా వదులైపోయింది" అన్నాడు. "అప్పుడప్పుడు తలెత్తి ఇటే చూస్తాడు" అన్నాడు.

చూస్తావా? నాతో ఒక్కసారి కూడా అనలేదే!

నీ బాధ నాకు తెలియదా? నువ్వు కాపలా కాసే కొట్టు. నీ జేబులోంచే తాళాలు తీసి స్నేహితుల్ని వెంటేసుకుని పోయాడు. పోలీసులకి నువ్వే పట్టించావు. "వీడు నా కొడుకు కాడు" అని నలుగురిలో అన్నావు. ఇప్పుడా మాట మింగలేవు, కక్కలేవు. ఒప్పుకుంటాను. కానీ కొడుకు కానివాడి కోసం వారం వారం ఇంతదూరం బస్సెక్కి ఎవరొస్తారయ్యా?

పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. వాడి ఏడుపు చూడలేక మళ్ళీ వార్డెన్ దగ్గరికి పరిగెత్తాను, పాత పనే ఇచ్చెయ్యండి బాబూ అని. ఎందుకమ్మా అన్నాడు. తెలివితక్కువదాన్ని, ఉన్నదంతా చెప్పేశాను. "ఏంటీ, డాబా ఎక్కి రోడ్డు చూస్తున్నాడా?" అని, నా కళ్ళముందే మనిషిని పంపి పై తలుపుకి తాళం వేయించాడు. ఇక ఏ పిల్లాడూ పైకి పోకూడదట. దుప్పట్లు వెనక పెరట్లో ఆరేస్తారట.

నాకూ కుళ్ళుగానే ఉంది, దాచడమెందుకు? అరికాళ్ళు చూపించుకుని లోపలికెళ్ళేది నేను. అబద్ధాలాడేది నేను. వాడు తపించిపోయేది మాత్రం గేటు కూడా దాటని నీ కోసం!

అదిగో, బస్సొస్తోంది. లే. వచ్చేవారం నేను రాను. ఇద్దరం వెళ్తే నువ్వు నా వెనకాల నక్కుతావు. వెళ్తే నువ్వొక్కడివే వెళ్ళు. చెప్పులు విప్పు, వాడి ఎదురుగా కూర్చో. తిడతావో, ఏడుస్తావో నీ ఇష్టం.

వెళ్ళలేవా? అయితే ఇంట్లోనే పడుకో. ఇక్కడిదాకా వచ్చి ఈ బల్ల మీద కూర్చున్నా, ఇక పైనుంచి నిన్ను చూసేవాళ్ళెవరూ లేరు.